తీగకు పక్షపాతం ఉండకూడదు: ఎక్స్ఛేంజి నేర్పిన ఎనిమిది పాఠాలు

ట్రంకు బోర్డుల కాలంలో మొదలై ఫైబరు వచ్చేదాకా నా ఉద్యోగమంతా టెలిఫోన్లలోనే గడిచింది. గోదావరి జిల్లాల ఎక్స్ఛేంజీల్లో పనిచేసి, రిటైరయ్యాక కోనసీమలోనే స్థిరపడ్డాను. ఇంటర్నెట్‌ మీద ప్రభుత్వ అదుపు ఎంత ఉండాలి, కంపెనీల ఇష్టం ఎంతవరకు సాగనివ్వాలి అనే చర్చ వచ్చినప్పుడల్లా మా ఇంటి కుర్రాళ్లు దాన్ని తమ తరం సమస్యగా చూస్తారు. నాకు మాత్రం అది బాగా పాత పరిచయం. ఇద్దరు మాట్లాడుకుంటున్నప్పుడు మధ్యలో కూర్చున్నవాడికి ఎంత అధికారం ఉండాలన్నది టెలిఫోను పుట్టినప్పటి నుంచీ ఉన్న ప్రశ్నే. ఆ మధ్యస్థానంలో ఏళ్లతరబడి కూర్చున్నవాణ్ణి కనుక, నాకు అర్థమైనంతవరకు ఈ పాఠాలు రాసి పెడుతున్నాను. టెలికాం కంపెనీల్లోనూ, కలెక్టరాఫీసుల్లోనూ కొత్తగా కుర్చీ ఎక్కుతున్న పిల్లలు చదవాలని నా కోరిక.

1. మధ్యలో ఉన్నవాడు ఎవరి పక్షమూ వహించకూడదు

మా రోజుల్లో ఎక్స్ఛేంజి అంటే స్ట్రోజర్ యంత్రమే. గదినిండా సెలెక్టర్లు టకటకలాడుతుంటే ఆ చప్పుణ్ణి బట్టే లైన్లు ఎంత రద్దీగా ఉన్నాయో చెప్పేవాళ్లం. ఆ యంత్రం ఎందుకు పుట్టిందో సీనియర్లు మాకు కథగా చెప్పేవారు. అమెరికాలోని కాన్సస్ సిటీలో ఆల్మన్ స్ట్రోజర్ అనే ఆయన అంత్యక్రియల వ్యాపారం చేసేవాడు. అప్పట్లో ప్రతి కాల్‌నూ ఆపరేటరు చేత్తో కలపాల్సిందే. తనకు రావలసిన కాల్స్ పోటీదారుకు వెళుతున్నాయని, కలిపే ఆపరేటరు ఆ పోటీదారు భార్యేనని ఆయన అనుమానపడ్డాడని చెబుతారు. దాంతో ఆపరేటరే అక్కర్లేని ఎక్స్ఛేంజిని తయారుచేసి 1891లో పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడాదే ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్‌లో అది పనిలోకి వచ్చింది.

నేను చూసిన ఆపరేటర్లలో నిజాయితీపరులే ఎక్కువ. రాత్రి డ్యూటీలో కబురు అందాల్సిన ఇంటికి నాలుగు దారుల్లో ప్రయత్నించి లైను కలిపిన ఆడపిల్లలు నాకు తెలుసు. అయినా వేలమంది బతుకుతెరువు ఒక మనిషి మంచితనం మీద ఆధారపడకూడదు. పక్షపాతం చూపించే వీలే లేకుండా వ్యవస్థను కట్టాలి.

ఇంటర్నెట్ వచ్చాక మళ్లీ అదే కథ నడిచింది. 2005లో అమెరికాలో మాడిసన్ రివర్ అనే టెలిఫోను కంపెనీ, తన లైన్ల మీద వానేజ్ అనే ఇంటర్నెట్ ఫోన్ సర్వీసును అడ్డుకుంది. ఆ సర్వీసు సాగితే తన కాల్స్ ఆదాయం పడిపోతుంది. అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ కలగజేసుకుంటే 15,000 డాలర్లు కట్టి, అడ్డు తీసేసింది. అంతకు రెండేళ్ల ముందే టిమ్ వూ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు ఈ సూత్రానికి ‘నెట్‌వర్క్ న్యూట్రాలిటీ’ అని పేరు పెట్టాడు. పేరు 2003 నాటిదైనా, దాని వెనకున్న బాధ స్ట్రోజర్ నాటిది.

2. ప్రతి నిషేధం వెనకా ఎవరి ఆదాయం ఉందో చూడాలి

1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చింది. 9.6 కిలోబిట్ల వేగంతో 250 గంటల కనెక్షన్‌కు వ్యక్తులు 5,000 రూపాయలు కట్టాలి. ఇంకెవరూ ఇవ్వడానికి వీల్లేదు కనుక ధర గురించి అడిగే దిక్కు లేదు. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలకు అనుమతి వచ్చాకే డయలప్ చిన్న పట్టణాల దాకా పాకింది, వీధి చివర నెట్ సెంటర్లు వెలిశాయి.

అప్పటికీ ఒక తలుపు మూసే ఉంచారు. ఇంటర్నెట్ మీద మాట్లాడటం నేరం. మా గోదావరి జిల్లాల్లో వీధికో కువైట్ ఇల్లు ఉంటుంది. కువైట్‌లో ఇళ్లల్లో పనికి వెళ్లిన తల్లులు ఇక్కడ పిల్లల గొంతు వినాలంటే ఐఎస్‌డీయే గతి. నిమిషానికి పదుల రూపాయలు. బూత్‌లో మీటరు వంక చూస్తూ, చెప్పదలుచుకున్నదాంట్లో సగం మింగేసి ఫోను పెట్టేసేవారు. నెట్ ఫోను అందుబాటులో ఉంది, వాడితే కేసు. ఆ నిషేధానికి భద్రత కారణమని కొందరు అనేవారు. విదేశీ కాల్స్ మీద గుత్తాధిపత్యపు రాబడికి గండి పడుతుందన్నదే అసలు కారణమని శాఖలో అందరికీ తెలుసు. 2002 ఏప్రిల్ 1న ఆ నిషేధం ఎత్తేశారు. విదేశీ కాల్స్ మీద వీఎస్ఎన్ఎల్ గుత్తాధిపత్యమూ అప్పుడే ముగిసింది. దేశ భద్రత ఏమీ కూలిపోలేదు. కువైట్ తల్లులు మాత్రం పిల్లలతో తీరిగ్గా మాట్లాడుకున్నారు.

అప్పటినుంచీ ఏ నిషేధపు ఉత్తర్వు చూసినా, ఇది లేకపోతే ఎవరికి నష్టం అని మొదట అడుగుతాను. ప్రజలకు నష్టమైతే ఆ నిషేధం గురించి ఆలోచించవచ్చు. ఒక సంస్థ రాబడికే నష్టమైతే దాన్ని ప్రజల నెత్తిన రుద్దకూడదు.

3. ఎక్కువ వాడితే ఎక్కువ తీసుకోండి, ఎవరింటికని అడగకండి

ట్రంకు కాల్స్‌లో మూడు తరగతులుండేవి: ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్. అర్జెంటుకు రెట్టింపు రేటు. లైట్నింగ్‌కు అంతకు ఎన్నో రెట్లు. డబ్బున్నవాడి కాల్ ముందు కలిసేది. మరి అది వివక్ష కాదా అని మా అబ్బాయి ఒకసారి అడిగాడు. ఆలోచించదగ్గ ప్రశ్నే. ఆ రేట్లు పుస్తకంలో అచ్చువేసి అందరికీ ఒకేలా ఉండేవి. నువ్వు మాట్లాడబోయేది ఏ వ్యాపారితో అనే దాన్నిబట్టి రేటు మారేది కాదు. అందులో పేదవాడికి కష్టం ఉంది, నిజమే. కానీ ఒక దుకాణాన్ని లేపి ఇంకో దుకాణాన్ని ముంచే శక్తి ఆ రేటుకు లేదు.

కోటిపల్లి రేవులో పంటు ఎక్కితే మనిషికింత, సైకిలుకింత, మోటారు సైకిలుకింత అని తీసుకుంటారు. ముక్తేశ్వరంలో దిగి ఎవరింటికి వెళతావని అడగరు. ఫలానా బంధువు ఇంటికైతే ఉచితం, వేరొకరి ఇంటికైతే రెట్టింపు అని పంటువాడు మొదలుపెడితే నాలుగు రోజుల్లో ఊళ్లో చుట్టరికాలన్నీ వాడి చేతిలోకి వెళ్లిపోతాయి.

2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ ఇంటర్నెట్ కాల్స్‌కు వేరే చార్జీ వేస్తామని ప్రకటించి, జనం మండిపడితే వెనక్కి తీసుకుంది. ఒక జీబీ డేటాకు డబ్బు కట్టినవాడు ఆ జీబీతో పాట విన్నా, పాఠం చదివినా, పిల్లలతో మాట్లాడినా తీగ మీద పడే బరువు ఒక్కటే. బరువుకు డబ్బు తీసుకోవడం వ్యాపారం. గమ్యాన్నిబట్టి తీసుకుంటే అది పెత్తనం.

4. ఉచితంగా ఇచ్చేవాడు ఏం మూసి ఇస్తున్నాడో చూడాలి

2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కలిసి ఇంటర్నెట్.ఆర్గ్ తెచ్చాయి. మొదట మొదలుపెట్టిన సర్కిళ్లలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. టెలికాం లెక్కలో తెలంగాణ కూడా ఆ సర్కిల్లోదే. కొన్ని ఎంపిక చేసిన సైట్లు ఉచితం, మిగతా ఇంటర్నెట్‌కు డబ్బు. ఆ సెప్టెంబరులో దాని పేరు ఫ్రీ బేసిక్స్ అయింది. అదే ఏడాది ఏప్రిల్లో వచ్చిన ఎయిర్‌టెల్ జీరోదీ దగ్గరి పద్ధతే. డబ్బు కట్టిన యాప్ వాడకందారుకు ఉచితం. విమర్శలు పెరిగాక ఫ్లిప్‌కార్ట్ అందులోంచి, క్లియర్‌ట్రిప్ ఇంటర్నెట్.ఆర్గ్ లోంచి తప్పుకున్నాయి.

ఏమీ లేనివాడికి కొంచెమైనా దొరుకుతుంది కదా అన్నవాళ్లలో నా మిత్రులూ ఉన్నారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసిపారేయను. ఫోను కోసం వెయిటింగ్ లిస్టులో ఏళ్లకు ఏళ్లు ఎదురుచూసినవాళ్ల దరఖాస్తులు చేత్తో పట్టుకున్నవాణ్ణి. కానీ ఆ వాదంలో ఒక లోపం ఉంది. ఊళ్లో మొదటిసారి ఫోను పట్టుకున్న మనిషికి ఆ కొద్ది సైట్లే ప్రపంచం అనిపిస్తాయి. తెలుగులో వ్యవసాయం గురించి రాసే చిన్న సైటు, జిల్లా వార్తలు పెట్టే కుర్రాడు, కొత్తగా యాప్ కట్టుకున్న అమ్మాయి ఆ జాబితాలో చోటు కోసం ఎవరినో బతిమాలుకోవాలి. పేదవాడి పేరు చెప్పి పేదవాడికే చిన్న ప్రపంచం ఇవ్వడం నాకు నచ్చలేదు.

2016 ఫిబ్రవరి 8న మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆ పద్ధతిని నిషేధించింది. చూసే విషయాన్నిబట్టి డేటాకు వేర్వేరు రేట్లు పెట్టకూడదు. ఉల్లంఘిస్తే రోజుకు 50,000 రూపాయలు, గరిష్ఠంగా 50 లక్షల జరిమానా. కొద్ది రోజులకే ఫ్రీ బేసిక్స్ మన దేశంలో ఆగిపోయింది. అదే ఏడాది సెప్టెంబరులో జియో వచ్చింది, పోటీలో డేటా ధరలు కుప్పకూలాయి. పేదవాడి చేతికి మొత్తం ఇంటర్నెట్ అలా వచ్చింది. గోడ కట్టకుండానే ధర దిగుతుందని ఆ ఒక్క ఏడాదే రుజువు చేసింది.

5. ప్రభుత్వం అడిగినప్పుడు, అడిగినదానికి జవాబు రాయాలి

2015 మార్చి 27న ట్రాయ్ 118 పేజీల సంప్రదింపు పత్రం విడుదల చేసి 20 ప్రశ్నలు అడిగింది. అలాంటి పత్రాలు మామూలుగా కంపెనీల వకీళ్లు, మాలాంటి ఇంజనీర్లు తప్ప ఎవరూ తెరవరు. ఈసారి కొందరు యువకులు దాన్ని మామూలు మాటల్లోకి కుదించి, జవాబులు ఎలా రాయాలో చూపించారు. పది లక్షలకు పైగా ఈ-మెయిళ్లు వెళ్లాయి. నా సర్వీసులో శాఖ తలుపు తట్టిన ప్రజలను చూశాను కానీ, విధానం రాసే బల్ల దాకా అంతమంది వచ్చింది అప్పుడే చూశాను.

ఆ డిసెంబరు 9న ట్రాయ్ ధరల వివక్ష మీద మరో పత్రం తెచ్చి నాలుగే ప్రశ్నలు అడిగింది. ఫేస్‌బుక్ తన వాడకందారులతో ఒక బటన్ నొక్కించి లక్షల సందేశాలు పంపింది. వాటిలో ఫ్రీ బేసిక్స్ కావాలన్న మాట ఉంది తప్ప ఆ నాలుగు ప్రశ్నలకు జవాబు లేదని ట్రాయే ఎత్తిచూపింది. నిర్ణయం ఎటు వెళ్లిందో పైన చెప్పాను.

మనవాళ్లకు దరఖాస్తు రాయడం వచ్చు, ధర్నా చెయ్యడం వచ్చు. ఇంకొకటి నేర్చుకోవాలి. పత్రం వచ్చినప్పుడు ప్రశ్న నంబరు వేసి, మన అనుభవం చెప్పి, కారణం చూపి, గడువులోపు పంపాలి. కేబుల్ ఆపరేటరు, మీసేవ నడిపేవాడు, ఆన్‌లైన్లో చీరలు అమ్మే గృహిణి రాసిన ఒక పేజీ ఫైల్లో ఉంటే, రేపు కోర్టులో కూడా అది మాట్లాడుతుంది.

6. మినహాయింపు అవసరమే, అయితే అది కాగితం మీద ఉండాలి

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను నేలమట్టం చేసింది. కొబ్బరిచెట్లతో పాటు మా స్తంభాలూ పడిపోయాయి. మిగిలిన కొద్ది లైన్లలో ఏది ముందు నిలబెట్టాలి? ఆసుపత్రి, ఎమ్మార్వో ఆఫీసు, పోలీసు. ఎవరూ దాన్ని పక్షపాతం అనలేదు. ప్రమాద సమయంలో ఏ లైన్లు ముందో జాబితా ముందే ఉండేది, ఆ క్రమంలోనే పోయాం. తనది ముందు కలపమని సిఫారసు పట్టుకొచ్చిన పెద్దమనిషికి ఆ జాబితా చూపిస్తే చాలు, మారుమాట ఉండేది కాదు.

అందుకే అన్ని డేటా ప్యాకెట్లూ ఎల్లవేళలా సమానమని గుడ్డిగా అనేవారితో నేను ఏకీభవించను. రద్దీని సర్దుకోవడం ఇంజనీరు పని. మన దేశంలో ఈ సంగతి బాగానే రాశారు. 2017 నవంబరు 28న ట్రాయ్ సిఫారసులు ఇచ్చింది, 2018 జూలైలో కేంద్రం ఆమోదించింది, ఆ ఏడాదే అది లైసెన్సు షరతుగా మారింది. కంపెనీలు దేన్నీ అడ్డుకోకూడదు, వేగం తగ్గించకూడదు, ఒకరికి ఎక్కువ వేగం కట్టబెట్టకూడదు. రద్దీ నిర్వహణ, అత్యవసర సేవలు, ప్రత్యేక సేవలు, కోర్టు ఆదేశాలు మినహాయింపు. 2016 నియమంలోనూ అత్యవసర సమయంలో ధర తగ్గించే వీలు ఉంచారు. మినహాయింపు పేరు, హద్దు ముందే రాసి ఉంటే దాని చాటున స్వార్థం నడవడం కష్టం. 2020 జూలైలో ఎక్కువ డబ్బు కట్టే ఖాతాదారులకు ముందు వరస అన్న ప్లాన్లను నిలిపేయమని చెప్పి ట్రాయ్ వివరణ అడగగలిగిందంటే, మిగతావారికి తగ్గేదేమిటని అడిగే ఆధారం కాగితం మీద ఉండబట్టే.

7. కంపెనీకి పెట్టిన నియమం సర్కారుకూ వర్తించాలి

అన్నిటికన్నా బరువైన పాఠం ఇదే. ఒక సైటును నెమ్మది చేసినందుకు కంపెనీని నిలదీస్తాం. జిల్లా మొత్తానికి ఇంటర్నెట్ ఆపేసినప్పుడు ఎందుకు నిలదీయం?

2022 మే 24న జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడం మీద అమలాపురంలో గొడవలు చెలరేగాయి. మంత్రి, ఎమ్మెల్యే ఇళ్లకు నిప్పు పెట్టారు. ఆ వెంటనే కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఆ రాత్రి అధికారుల భయాన్ని నేను అర్థం చేసుకోగలను. వాట్సాప్‌లో పుకారు పరుగెడితే ఇంకో ఇల్లు తగలబడవచ్చు. కానీ ఆ నిలుపుదల రోజుల తరబడి సాగింది. ఇంటినుంచి పనిచేసుకుంటున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు లాప్‌టాప్‌లు భుజాన వేసుకుని, పక్క ప్రాంతపు సిగ్నల్ అందే చోటు కోసం గోదావరి ఒడ్డుకు పోయారు. ఫోన్‌పే మీద నడిచే కిరాణా కొట్టు, కూరగాయల బండి చిల్లరకు తడుముకున్నాయి. నిప్పు పెట్టినవాళ్లు కొందరు. శిక్ష అనుభవించింది జిల్లా అంతా. పైగా పుకారును ఖండించే మాట కూడా ఆ తీగలోనే రావాలి.

ఈ అధికారం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోని ఐదో సెక్షన్ నుంచి వచ్చింది. చాలాకాలం కలెక్టర్లు 144 సెక్షన్ కిందే ఆపేసేవారు. 2017లో నియమాలు రాశారు. హోం కార్యదర్శి ఉత్తర్వు ఇవ్వాలి, సమీక్షా కమిటీ అయిదు పనిదినాల్లో చూడాలి. కాశ్మీరులో 2019 ఆగస్టులో ఆగిన ఇంటర్నెట్ మీద కేసులో సుప్రీంకోర్టు 2020 జనవరి 10న తీర్పు చెప్పింది. నిరవధికంగా ఆపడం కుదరదు, ఉత్తర్వును ప్రజలకు వెల్లడించాలి, అవసరానికి మించకూడదు. ఆ నవంబరులో ఒక్కో ఉత్తర్వుకు గడువు 15 రోజులని నియమం మార్చారు. అయినా కాశ్మీరుకు 4జీ తిరిగి వచ్చింది 2021 ఫిబ్రవరిలోనే. దేశంలో ఎన్నిసార్లు ఆపారో కేంద్రం దగ్గర లెక్కే లేదని పార్లమెంటు స్థాయీ సంఘం ఆ ఏడాది డిసెంబరులో తేల్చింది. తను చేసే పనికి లెక్క రాయని శాఖ, ఆ పని ఫలించిందో లేదో ఎలా తెలుసుకుంటుంది?

ఎక్స్ఛేంజిలో ఒక్క ఫోను కట్ చెయ్యాలన్నా రిజిస్టరులో నంబరు, తేదీ, కారణం, సంతకం ఉండాలి. బిల్లు కట్టనివాడికి కూడా ముందు నోటీసు వెళ్లాలి. లక్షల ఫోన్లకు అంతకన్నా తక్కువ జాగ్రత్త చాలదు. కుర్చీలో ఉన్న పిల్లలకు చెబుతున్నాను. ఆపక తప్పకపోతే చిన్న ప్రాంతంలో, కొద్ది గంటలు, కారణం రాసి, అందరికీ తెలిసేలా ప్రచురించి ఆపండి. బ్యాంకు, ఆసుపత్రి, పరీక్షల మాట ముందే ఆలోచించండి. మళ్లీ తెరిచాక, ఆపినందువల్ల ఏం మేలు జరిగిందో ఫైల్లో రాయండి. అది రాయలేకపోతే మరోసారి ఆపకండి.

8. గెలిచిన నియమానికి కాపలా ఉండాలి

అమెరికాలో ఎఫ్‌సీసీ 2015లో నెట్ న్యూట్రాలిటీ నియమాలు తెచ్చింది. ప్రభుత్వం మారగానే 2017 డిసెంబరులో రద్దు చేసింది. 2024 ఏప్రిల్లో మళ్లీ తెస్తే, 2025 జనవరిలో ఫెడరల్ అప్పీలు కోర్టు కొట్టేసింది. టెక్సాస్‌లో, న్యూజెర్సీలో మనవాళ్ల పిల్లలు ఒకే ఇంట్లో ఉంటూనే నియమం నాలుగుసార్లు అటూ ఇటూ తిరగడం చూశారు. దక్షిణ కొరియాలో నెట్‌వర్కులు ఒకదానికొకటి పంపే డేటాకు డబ్బు కట్టే పద్ధతి తెచ్చారు. ఖర్చు భరించలేనని వీడియో ప్రసారాల సంస్థ ట్విచ్ 2024 ఫిబ్రవరిలో అక్కడ సేవ మూసేసింది.

మన దగ్గరా టెలికాం కంపెనీలు పెద్ద యాప్‌లు తమకు వాటా చెల్లించాలని అడుగుతున్నాయి. 2023లో ట్రాయ్ మళ్లీ సంప్రదింపులు పెట్టింది. కంపెనీల వాదన పూర్తిగా కొట్టిపారేసేది కాదు. టవర్లు, స్పెక్ట్రం ఖరీదైనవే. అయితే ఆ డేటాకు వాడకందారు ఇప్పటికే డబ్బు కడుతున్నాడు. రెండోవైపు కూడా వసూలు మొదలైతే మొదట నలిగిపోయేది పెద్ద యాప్ కాదు, దానికి పోటీగా లేవబోయే చిన్నది.

ఇంకో సంగతి అందరూ గమనించాలి. మన నెట్ న్యూట్రాలిటీ పార్లమెంటు చేసిన చట్టంలో లేదు. ట్రాయ్ నియమంలో, లైసెన్సు షరతులో ఉంది. 2023 టెలికాం చట్టం పాత లైసెన్సుల స్థానంలో కొత్త అనుమతుల పద్ధతి తెచ్చింది. ఆ షరతులు తిరిగి రాసేటప్పుడు ఒక వాక్యం జారిపోయినా ఎవరికీ చప్పుడు వినిపించదు. అదే చట్టం కింద 2024 నవంబరులో ఇంటర్నెట్ నిలుపుదల నియమాలు కొత్తగా వచ్చాయి. కారణం, ప్రాంతం, గడువు రాసి ఉత్తర్వును ప్రచురించాలని అందులో ఉంది. మీ జిల్లాలో ఇంటర్నెట్ ఆగితే ఆ ఉత్తర్వు ప్రతి అడగండి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మీ ఎంపీ ఊళ్లోకి వస్తే, కంపెనీలకు పెట్టిన సమానత్వపు షరతును చట్టంలోనే ఎందుకు రాయలేదని అడగండి.

ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు, ఎంతకాలం అనే మూడు ప్రశ్నలు కంపెనీనైనా, కలెక్టరునైనా, మంత్రినైనా ఒకే గొంతుతో అడగాలి. మూడింటికీ కాగితం మీద జవాబు వచ్చినంతకాలం మన నెట్‌వర్కు తెరిచి ఉన్నట్టే. రానిచోట, తీగలో ఎంత వేగం పారుతున్నా, అది ఎవరి దయమీదో నడుస్తున్నట్టు లెక్క.